రైఫిల్ కార్ట్రిడ్జ్‌ను బట్టి రీలోడింగ్ డై ఎంచుకునే విధానం

కాల్చిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగుకు (కేసుకు) కొత్త ప్రైమర్ (నిప్పు పుట్టించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటాగా చేయడమే రీలోడింగ్; ఆ పనిలో కేసును మలిచే అచ్చే డై. కాల్చిన ప్రతి ఇత్తడి కేసులోనూ అది పేలిన చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) కొలతలు ముద్రపడి ఉంటాయి. పౌడర్ మండినప్పుడు పుట్టే పీడనానికి కేసు గోడలు ఉబ్బి చాంబర్ గోడలకు అంటుకుంటాయి. పీడనం తగ్గగానే ఇత్తడికి ఉన్న స్థితిస్థాపకత వల్ల కొద్దిగా వెనక్కి తగ్గుతాయి గాని, మొదటి కొలతకు మాత్రం రావు. ఆ ఉబ్బిన కేసును మళ్లీ చాంబర్‌లో సులువుగా కూర్చునే కొలతకు నొక్కడం, మెడను బుల్లెట్‌ను గట్టిగా పట్టుకునేంత బిగించడం, చివరకు బుల్లెట్‌ను సరైన లోతులో దించడం అనే మూడు పనులను డైలు చేస్తాయి. కాబట్టి డై కొనేవారు ఏ కంపెనీది మంచిదని అడగడానికి ముందు తమకు తాము మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ కార్ట్రిడ్జ్ చాంబర్‌లో దేని ఆధారంగా నిలబడుతుంది? దాన్ని కాల్చే రైఫిల్ బోల్ట్ యాక్షనా (చాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్ట్‌ను చేత్తో నడిపేది), సెమీ ఆటోమేటిక్కా (కాల్చాక తర్వాతి తూటాను తానే ఎక్కించుకునేది), లీవర్ యాక్షనా (కింది లీవర్‌తో నడిపేది)? తయారుచేసిన తూటాలు ఒక్క రైఫిల్‌కేనా, ఒకటికి మించిన రైఫిళ్లకా? ఈ మూడింటికీ జవాబు దొరికితే డై ఎంపిక దాదాపు తేలిపోయినట్టే.

రీలోడింగ్‌కు అనుమతి ఎక్కడ ఉంది, ఏ లైసెన్సు కావాలి అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఆ సంగతి ముందే తేల్చుకోవాలి. పౌడర్ పరిమాణాల విషయంలో తయారీదారులు ప్రచురించిన లోడ్ పట్టికలు తప్ప మరొకటి ప్రమాణం కాదు. ఈ వ్యాసం డైల ఎంపికకే పరిమితం.

సెట్‌లో ఏముంటుంది

సీసా ఆకారంలో మెడ, భుజం ఉన్న రైఫిల్ కార్ట్రిడ్జ్‌లకు సాధారణంగా రెండు డైల సెట్ వస్తుంది. మొదటిది సైజింగ్ డై. ఇది పాత ప్రైమర్‌ను బయటికి నెట్టి, కేసును పాత కొలతకు నొక్కి, బయటికి లాగేటప్పుడు లోపలి ఎక్స్‌పాండర్ గుండుతో మెడ లోపలి వ్యాసాన్ని సరిచేస్తుంది. రెండోది బుల్లెట్‌ను దించే సీటింగ్ డై. .45-70 వంటి తిన్నని గోడల కార్ట్రిడ్జ్‌లకు మూడు డైలు కావాలి, ఎందుకంటే బుల్లెట్ అంచు గీసుకోకుండా దిగడానికి కేసు మూతిని కొద్దిగా వెడల్పు చేసే డై ఒకటి మధ్యలో అవసరమవుతుంది.

ఆర్‌సీబీఎస్, లీ, రెడ్డింగ్, హార్నడీ, ఫోర్‌స్టర్, లైమన్ వంటి కంపెనీల మామూలు డైలన్నింటికీ మర కొలత ఒక్కటే: వ్యాసం అంగుళంలో 7/8 వంతు, అంగుళానికి 14 మరలు. ఒక కంపెనీ డైని మరో కంపెనీ ప్రెస్‌లో (డైని బిగించి కేసును అందులోకి నొక్కే యంత్రంలో) నిశ్చింతగా వాడుకోవచ్చు. .50 బీఎంజీ వంటి భారీ కార్ట్రిడ్జ్‌ల డైలకు అంతకంటే పెద్ద మర ఉంటుంది, వాటికి తగిన ప్రెస్ కూడా వేరుగా కావాలి. షెల్ హోల్డర్ల (ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే భాగాల) విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. .308 విన్‌చెస్టర్, .30-06, .270, .243, 6.5 క్రీడ్‌మోర్ కేసుల అడుగు వ్యాసం 0.473 అంగుళం కావడం వల్ల అన్నింటికీ ఒకే షెల్ హోల్డర్ సరిపోతుంది గాని, దాని సంఖ్య కంపెనీని బట్టి మారుతుంది. ఆర్‌సీబీఎస్‌లో అది 3 అయితే లీలో 2, హార్నడీలో 1. సంఖ్యను మాత్రమే చూసి కొంటే పొరపాటు జరుగుతుంది.

కేసు ఎక్కడ ఆగుతుంది

చాంబర్‌లోకి తోసిన తూటా ముందుకు జారిపోకుండా ఏదో ఒక చోట ఆగాలి. ఆగే ఆ చోటికీ మూసిన బోల్ట్ ముఖానికీ మధ్య ఉన్న దూరమే హెడ్‌స్పేస్. .308, .30-06, .223 వంటి అంచులేని సీసా ఆకారపు కేసులు భుజం మీద ఆగుతాయి. .303 బ్రిటిష్, .30-30, 7.62×54ఆర్ వంటివి అడుగున ఉన్న అంచు మీద ఆగుతాయి. .375 హెచ్ అండ్ హెచ్, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ వంటివి అడుగుకు పైనున్న బెల్టు మీద, .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ వంటివి కేసు మూతి అంచు మీద ఆగుతాయి.

డై ఎంపికకు పునాది ఇదే. భుజం మీద ఆగే కేసులో సైజింగ్ డై భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెడితే, తర్వాత పేలినప్పుడు ఆ ఖాళీ మేరకు కేసు పొడవుగా సాగుతుంది. గోడ ముందు భాగం పీడనానికి చాంబర్‌కు అతుక్కుపోయి కదలదు, అడుగు భాగం మాత్రం బోల్ట్ ముఖం వైపు వెనక్కి వెళుతుంది. ఆ రెంటి మధ్యన, అడుగుకు కొంచెం పైన, ఇత్తడి ప్రతిసారీ పలచబడుతూ వస్తుంది. పలుమార్లు ఇలా జరిగాక కేసు అక్కడే రెండుగా విడిపోతుంది. చివర కొక్కెంలా వంచిన సన్నని తీగను కేసు లోపల అడుగు నుంచి పైకి నెమ్మదిగా లాగి చూస్తే, పలచబడిన చోట గాడిలా తగులుతుంది. అలా తగిలిన కేసును ఇంకొక్కసారి కూడా వాడకూడదు.

ఫుల్ లెంగ్త్, నెక్, బుషింగ్, కోలెట్

ఫుల్ లెంగ్త్ డై కేసు ఒంటిని, భుజాన్ని, మెడను మూడింటినీ నొక్కుతుంది. నెక్ డై మెడను మాత్రమే నొక్కి, మిగతా కేసును చాంబర్ మలిచిన ఆకారంలోనే వదిలేస్తుంది. నెక్ సైజింగ్ వల్ల ఇత్తడికి పని తగ్గుతుంది, కేసు ఆ చాంబర్‌లో ఖాళీ లేకుండా కూర్చుంటుంది; అయితే పలుమార్లు కాల్చాక కేసు బిగుసుకుపోయి బోల్ట్ మూయడం కష్టమవుతుంది, అప్పుడు ఎటూ ఫుల్ లెంగ్త్ డై కావలసిందే. నా అభిప్రాయంలో మొదటిసారి కొనేవారు ఫుల్ లెంగ్త్ సెట్‌తోనే మొదలుపెట్టాలి. భుజం ఎంత వెనక్కి వెళ్లాలో కొలిచి బిగించిన ఫుల్ లెంగ్త్ డై, నెక్ డై ఇచ్చే లాభాల్లో చాలావాటిని ఇస్తూనే తూటా ప్రతిసారీ సులువుగా చాంబర్‌లోకి వెళ్లేలా చూస్తుంది.

మామూలు సైజింగ్ డైలో ఒక ఇబ్బంది ఉంది. అది మెడను అవసరమైన దానికంటే ఎక్కువగా నొక్కి, ఆ తర్వాత ఎక్స్‌పాండర్ గుండును లోపలినుంచి లాగి మళ్లీ వెడల్పు చేస్తుంది. మెడ లోపల లూబ్రికెంట్ లేకపోతే ఆ లాగుడుకు మెడ కాస్త పక్కకు వంగుతుంది, ఇత్తడి కూడా త్వరగా గట్టిపడుతుంది. ఈ ఇబ్బందిని తగ్గించడానికే బుషింగ్ డైలు వచ్చాయి. వీటిలో మెడను నొక్కే ఉక్కు రింగును మార్చుకోవచ్చు, అవి 0.001 అంగుళం తేడాతో దొరుకుతాయి. ఏ కొలత కొనాలో తెలుసుకోవడం తేలికే: బుల్లెట్ దించిన తూటా మెడ బయటి వ్యాసాన్ని కొలిచి, అందులోంచి 0.002 లేదా 0.003 అంగుళం తీసివేయాలి. .308 తూటా మెడ 0.336 అంగుళం ఉంటే 0.334 లేదా 0.333 బుషింగ్ సరిపోతుంది. అయితే బుషింగ్ మెడను బయటినుంచే నొక్కుతుంది కనుక, మెడ గోడ మందం చుట్టూ సమానంగా లేని కేసులలో ఆ తేడా లోపలికి చేరుతుంది. నాణ్యమైన ఇత్తడి లేదా మందం సరిచేసిన మెడలు ఉన్నప్పుడే బుషింగ్ డై మీద పెట్టిన డబ్బుకు ఫలితం కనిపిస్తుంది.

లీ కంపెనీ కోలెట్ నెక్ డై మరో పద్ధతిలో పనిచేస్తుంది. మెడలోకి దిగిన ఉక్కు కడ్డీ మీదికి చీలికలున్న కోలెట్ మెడను చుట్టూ నొక్కుతుంది. ఎక్స్‌పాండర్ లాగుడు ఉండదు, కేసుకు లూబ్రికెంట్ పూయాల్సిన పని కూడా ఉండదు. ఒకే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో మెత్తని లోడ్లు కాల్చేవారికి ఇది తక్కువ ఖర్చులో దొరికే మంచి డై.

బోల్ట్ యాక్షన్‌లో .308 కుటుంబం

.30-06 పుట్టింది 1906లో, దాన్ని కుదించినట్టుండే .308 విన్‌చెస్టర్ 1952లో మార్కెట్లోకి వచ్చింది. వీటికి, .243, .270లకు మంచి ఫుల్ లెంగ్త్ సెట్ ఉంటే వేటకైనా, లక్ష్య సాధనకైనా లోటుండదు. బోల్ట్ యాక్షన్‌లో భుజాన్ని కాల్చిన కొలత నుంచి 0.001 లేదా 0.002 అంగుళం వెనక్కి నెడితే చాలు.

2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్ విషయంలో ఒక చిన్న వివరం చూసుకోవాలి. దీని ఇత్తడి పెద్ద రైఫిల్ ప్రైమర్‌కూ, చిన్న రైఫిల్ ప్రైమర్‌కూ రెండు రకాలుగానూ దొరుకుతుంది. చిన్న ప్రైమర్ లాపువా కంపెనీ కేసుల ఫ్లాష్ రంధ్రం (ప్రైమర్ నిప్పు పౌడర్‌కు చేరే దారి) సుమారు 1.5 మిల్లీమీటర్లే, మామూలు రంధ్రమైతే సుమారు 2 మిల్లీమీటర్లు. మామూలు డీకాపింగ్ పిన్ను (పాత ప్రైమర్‌ను బయటికి నెట్టే సూది) ఆ సన్నని రంధ్రంలో ఇరుక్కుంటుంది లేదా విరుగుతుంది. కాబట్టి అలాంటి ఇత్తడి వాడేవారు సన్నని పిన్ను దొరికే డైనే కొనాలి. బెర్డాన్ ప్రైమర్ ఉన్న కేసులకు మధ్యలో రంధ్రమే ఉండదు, పక్కన రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిని డైలో పెడితే ఏ పిన్నైనా విరిగిపోతుంది. కేసు లోపలికి ఒక్కసారి టార్చి వేసి చూస్తే ఆ నష్టం తప్పుతుంది.

సెమీ ఆటోమేటిక్‌లో .223

ఏఆర్-15 వంటి రైఫిల్‌లో బోల్ట్‌ను మూసేది స్ప్రింగ్ బలం. బిగుతుగా ఉన్న తూటాను చేత్తో నొక్కి మూసే అవకాశం లేదు, బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే తుపాకీ ఆగిపోతుంది. అందుకే ఇక్కడ నెక్ డై పనికిరాదు. ఫుల్ లెంగ్త్ డైతో భుజాన్ని 0.003 నుంచి 0.004 అంగుళం వరకు వెనక్కి నెట్టాలి. కేసు అడుగు భాగాన్ని ఇంకా సన్నగా నొక్కే స్మాల్ బేస్ డైని అందరూ కొనవలసిన పనిలేదు. మంచి ఫుల్ లెంగ్త్ డైతో నొక్కిన కేసు కార్ట్రిడ్జ్ గేజ్‌లో (చాంబర్ కొలతకు చేసిన పరీక్ష గొట్టంలో) సులువుగా దిగుతూ ఉంటే అదే చాలు. వేరే రైఫిళ్లలో, ముఖ్యంగా వదులైన సైనిక చాంబర్లలో కాల్చిన ఇత్తడిని ఏరి తెచ్చుకుని బిగుతైన చాంబర్‌లో వాడేవారికి మాత్రం స్మాల్ బేస్ డై నిజంగా ఉపయోగపడుతుంది.

సైనిక ఇత్తడిలో ప్రైమర్ ఊడకుండా చుట్టూ నొక్కి ఉంచుతారు. పాత ప్రైమర్ తీశాక ఆ నొక్కును స్వేజింగ్ పనిముట్టుతో తొలగిస్తేనే కొత్త ప్రైమర్ సరిగ్గా కూర్చుంటుంది.

.303 బ్రిటిష్: అంచు ఉన్నా భుజాన్నే చూడాలి

అన్నింటిలోకీ నేను ఎక్కువ జాగ్రత్త చెప్పే కార్ట్రిడ్జ్ ఇది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చి, లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌తో రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన తూటా. బురదలో, దుమ్ములో కూడా ఏ కర్మాగారపు తూటా అయినా లోపలికి వెళ్లాలన్న ఉద్దేశంతో ఆ చాంబర్లను విశాలంగా చెక్కారు. తూటా అంచు మీద ఆగుతుంది కనుక భుజం ముందు ఎంత ఖాళీ ఉన్నా రైఫిల్ పనిచేస్తుంది. కేసు ఒకసారి పేలి పారేసేది కాబట్టి సైన్యానికి అది సమస్య కాలేదు. రీలోడ్ చేసేవారికి మాత్రం అదే పెద్ద సమస్య.

కొత్త కేసును కాల్చగానే భుజం ఎంతో ముందుకు వెళుతుంది. డై పెట్టెలోని సూచన ప్రకారం ఫుల్ లెంగ్త్ డైని షెల్ హోల్డర్‌కు తాకేదాకా దించి నొక్కితే, భుజం మళ్లీ మొదటి చోటికి వెనక్కి పోతుంది. మళ్లీ కాల్చితే మళ్లీ సాగుతుంది. ఇలా చేస్తే మంచి ఇత్తడి కూడా కొద్దిసార్లకే అడుగు దగ్గర తెగుతుంది. అందువల్ల .303కు నెక్ డై లేదా కోలెట్ డై మొదటి ఎంపిక కావాలి. ఫుల్ లెంగ్త్ డై వాడేవారు అంచు సంగతి పక్కన పెట్టి, కేసు భుజం మీదనే ఆగేలా డైని కొంచెం పైకి బిగించుకోవాలి. ఒక రైఫిల్‌లో కాల్చిన కేసులను మరో లీ-ఎన్‌ఫీల్డ్ కేసులతో కలపకూడదు, ఏ రెండు చాంబర్లూ ఒకేలా ఉండవు.

ఎక్స్‌పాండర్ వ్యాసం కూడా చూసుకోవాలి. .303 బుల్లెట్ 0.311 లేదా 0.312 అంగుళం ఉంటుంది, .308 బుల్లెట్ కంటే లావు. 7.62×39, 7.62×54ఆర్ లకూ ఇదే వర్తిస్తుంది, 7.62×39 డైలు కొన్నింటితో రెండు కొలతల ఎక్స్‌పాండర్లు ఇస్తారు, వాడబోయే బుల్లెట్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి తగినది బిగించుకోవాలి.

బెల్టు మాగ్నమ్‌లు

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్, 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్ వంటివాటికీ పై సూత్రమే. కాగితం మీద అవి బెల్టు మీద ఆగుతాయి, భుజం దగ్గర మాత్రం ఖాళీ ఎక్కువ. మొదటిసారి కాల్చాక వాటిని భుజం మీద ఆగే కేసులుగానే చూసి, 0.002 అంగుళానికి మించి నెట్టకుండా డైని బిగించాలి. బెల్టు అడ్డు వల్ల మామూలు డై బెల్టుకు సరిగ్గా పైనున్న భాగాన్ని నొక్కలేదు. పలుమార్లు కాల్చిన కేసు అక్కడ ఉబ్బి బిగుసుకుంటుంటే, ఆ చోటును నొక్కడానికే ప్రత్యేకంగా చేసిన కోలెట్ డై దొరుకుతుంది.

లీవర్ యాక్షన్, తిన్నని గోడల కేసులు

1895 నాటి .30-30కి ఫుల్ లెంగ్త్ డై తప్పనిసరి; లీవర్‌కు బిగుతైన కేసును లోపలికి నెట్టే బలం తక్కువ. గొట్టపు మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉండి, స్ప్రింగ్ వాటిని ముందునుంచి వెనక్కి నెడుతూ ఉంటుంది కనుక బుల్లెట్ లోపలికి జారకుండా క్రింప్ చేయాలి, అంటే కేసు మూతిని బుల్లెట్ మీదికి బిగించాలి. రోల్ క్రింప్ (మూతి అంచును లోపలికి వంచే క్రింప్) సమానంగా పడాలంటే కేసులన్నీ ఒకే పొడవుకు కోసి ఉండాలి, బుల్లెట్‌కు క్రింప్ గాడి ఉండాలి. గాడి లేని బుల్లెట్‌ను రోల్ క్రింప్ చేస్తే బుల్లెట్ నలుగుతుంది, కేసు భుజం కూడా కుంగవచ్చు. బుల్లెట్ దించడం, క్రింప్ చేయడం రెండూ ఒకే స్ట్రోకులో చేయకుండా విడివిడిగా చేస్తే మంచిది. .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ మూతి మీద ఆగుతాయి కాబట్టి వాటికి రోల్ క్రింప్ వద్దు. మూతికి పెట్టిన వెడల్పును తిరిగి తిన్నగా చేసేంత స్వల్పమైన టేపర్ క్రింప్ చాలు.

సీటింగ్ డై

మామూలు సీటింగ్ డై చాలా పనులకు సరిపోతుంది. దూరపు లక్ష్యాల మీద కాల్చేవారు, బుల్లెట్ దిగడానికి ముందే కేసును, బుల్లెట్‌ను ఒకే వరుసలో నిలిపే జారుడు తొడుగు ఉన్న సీటింగ్ డైలను ఎంచుకుంటే తూటా వంకర తగ్గుతుంది. మైక్రోమీటర్ తల వల్ల కచ్చితత్వం దానంతట అది పెరగదు. రెండు మూడు రకాల బుల్లెట్ల మధ్య మార్చుకునేటప్పుడు పాత కొలతకు వెంటనే తిరిగి రాగలగడమే దాని ప్రయోజనం. పొడవుగా, సన్నగా ఉన్న బుల్లెట్లు వాడేవారు వాటికి తగిన సీటింగ్ స్టెమ్ (బుల్లెట్‌ను కిందికి నొక్కే కడ్డీ) ఉందో లేదో చూసుకోవాలి. స్టెమ్ అడుగున బుల్లెట్ మొన తగులుతూ ఉంటే లోతు ఒక్కో తూటాకు ఒక్కోలా వస్తుంది. స్టెమ్ అంచు బుల్లెట్ పక్కనున్న వంపు మీదే ఆనాలి.

డైని బిగించడం

ముందుగా కాల్చిన కేసులు కొన్ని తీసుకుని ప్రైమర్లు తొలగించాలి. బయటికి పొడుచుకొచ్చిన ప్రైమర్ ఉంటే కొలత తప్పుతుంది. కాలిపర్‌కు కంపారేటర్ (భుజం మీద ఆని కొలిచే తొడుగు) బిగించి అడుగు నుంచి భుజం దాకా కొలిచి, వచ్చినవాటిలో ఎక్కువ పొడవున్న దాన్ని ఆధారంగా పెట్టుకోవాలి. డైని షెల్ హోల్డర్‌కు కాస్త ఎడంగా ఉంచి, లూబ్రికెంట్ పూసిన కేసును నొక్కి, తుడిచి, మళ్లీ కొలవాలి. ఆ తర్వాత కొద్దికొద్దిగా దించుతూ వెళ్లాలి. అంగుళానికి 14 మరలంటే ఒక పూర్తి చుట్టుకు డై 0.071 అంగుళం దిగుతుంది, 0.001 అంగుళానికి కావలసింది సుమారు 5 డిగ్రీల తిప్పు మాత్రమే. డై మీద, ప్రెస్ మీద మార్కర్‌తో గీత గీసుకుంటే ఈ చిన్న తిప్పును కంటితో అంచనా వేయవచ్చు. డై దిగుతున్న తొలిదశలో ఒంటిని నొక్కడం వల్ల భుజం కాస్త ముందుకు జరిగి కొలత పెరిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడనక్కరలేదు. భుజం డైకి తగిలాక తగ్గడం మొదలవుతుంది.

లూబ్రికెంట్ కేసు ఒంటికి పలచగా, సమానంగా పూయాలి. తక్కువైతే కేసు డైలో ఇరుక్కుంటుంది, దాన్ని తీయడానికి అడుగున రంధ్రం వేసి మర కోసి బోల్టుతో లాగాల్సి వస్తుంది. ఎక్కువై భుజం దగ్గర చేరితే, పోయే దారిలేక ఇత్తడిని నొక్కి సొట్టలు పెడుతుంది. కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) రైఫిల్ డైలకు కూడా లూబ్రికెంట్ కావాలి. పిస్టల్ కార్బైడ్ డైలకు అక్కర్లేదన్న మాటను వీటికి అన్వయించకూడదు.

కావలసిన కొలత వచ్చాక లాక్ రింగు బిగించి, అదే రైఫిల్‌లో ఖాళీ కేసును పెట్టి బోల్ట్ మూసి చూడాలి. ఇత్తడి కంపెనీ మారినా, కేసులను అనీలింగ్ చేసినా (వేడి చేసి మెత్తబరచినా), చాలాసార్లు కాల్చి ఇత్తడి గట్టిపడినా అదే డై, అదే బిగింపు భుజాన్ని వేరే కొలతకు నెట్టగలవు. కాబట్టి ప్రతి కొత్త విడతలోనూ మొదటి రెండు మూడు కేసులను కంపారేటర్‌తో కొలిచి చూసుకున్నాకే మిగతావాటిని డైలోకి పంపాలి.